గుర్తింపు సంఖ్యల ఆధారంగా రికార్డుల ఎంపిక: పంట ప్రయోగాల డేటాబేస్‌లో పాటించవలసిన నియమాలు

ఉపోద్ఘాతం

పంట ప్రయోగాల సమాచారం ఒకప్పుడు క్షేత్ర పుస్తకంలో ఉండేది. ఏ మడి వివరాలు కావాలన్నా పుట తిప్పి, మడి సంఖ్యకు ఎదురుగా వేలు పెట్టి చూసేవారు. నేడు అదే సమాచారం డేటాబేస్‌లో చేరి, వెబ్ అనువర్తనం ద్వారా పరిశోధకులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు అందుతున్నది. పుట తిప్పి వేలు పెట్టే పనిని ఇప్పుడు ప్రోగ్రాము చేస్తుంది. ఫలానా గుర్తింపు సంఖ్యలు గల రికార్డులను మాత్రమే తీసి ఇమ్మని డేటాబేస్‌ను అడగడమే ఆ పని.

ఇది ప్రోగ్రామింగ్ పాఠాలలో తొలి రోజులలోనే నేర్చుకునే అంశం. సులభమైనది కావడం వల్ల దీనిపై ఎక్కువగా దృష్టి నిలవదు. అయితే అడిగిన రికార్డులలో కొన్ని రాకపోయినా, వచ్చినవి వేరే వరుసలో వచ్చినా చాలా సందర్భాలలో కంప్యూటరు ఏ హెచ్చరికా చేయదు. అటువంటి జాబితాను యథాతథంగా దిగుబడి పట్టికలో చేర్చితే ఒక రకం దిగుబడి మరొక రకం ఖాతాలో పడుతుంది. ఆ తరువాత జరిపే గణాంక విశ్లేషణ ఎంత నిర్దుష్టమైనదైనా ఆ తప్పును సరిదిద్దలేదు. రకాల సిఫారసు చివరకు రైతు పొలానికి చేరుతుంది కనుక ఈ చిన్న దశలోని జాగ్రత్త పరిశోధన విశ్వసనీయతకు సంబంధించిన విషయం. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను ఉదాహరణగా తీసుకొని, గుర్తింపు సంఖ్యలతో రికార్డులను ఎంచే విధానాన్ని, అందులో నిశ్శబ్దంగా దొర్లే తప్పులను, వాటి నివారణను ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు వేరు, గుర్తింపు వేరు

వరి రకాలలో స్వర్ణ అంటే ఎం.టి.యు. 7029. సాంబ మసూరి అంటే బి.పి.టి. 5204. మొదటిది మారుటేరు, రెండవది బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన రకాలు. రైతుల నోట పేరు నిలుస్తుంది. పరిశోధకుల పట్టికలో సంఖ్య నిలుస్తుంది. డేటాబేస్‌లో పేరుతో వెతికితే ఎదురయ్యే చిక్కు ఈ రెండు రకాలతోనే తెలుస్తుంది. ‘స్వర్ణ’ అనే మాట ఉన్న రికార్డులన్నీ కావాలని అడిగితే ముంపును తట్టుకొనే స్వర్ణ సబ్-1 రికార్డులు కూడా వస్తాయి. ‘సాంబ మసూరి’ అని అడిగితే బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే మెరుగుపరచిన సాంబ మసూరి కూడా కలుస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నా ప్రయోగంలో ఇవి వేర్వేరు రకాలు. పైగా ఒకే పేరును ఒకరు ‘సాంబ మసూరి’ అని, మరొకరు ‘సాంబా మహసూరి’ అని రాస్తారు. అక్షరం మారితే కంప్యూటరుకు అది మరో పేరు.

అందుకే జన్యు నిధులు ప్రతి నమూనాకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధిలో శనగ నమూనాలకు ఐ.సి.సి., కందికి ఐ.సి.పి., వేరుశనగకు ఐ.సి.జి. అనే అక్షరాలతో సంఖ్యలు ఉంటాయి. బలమైన వేరు వ్యవస్థతో బెట్టను తట్టుకొనే శనగగా పేరొందిన ఐ.సి.సి. 4958ని ప్రపంచంలో ఎక్కడి శాస్త్రవేత్త అయినా ఆ సంఖ్యతోనే ప్రస్తావిస్తారు. జాతీయ వృక్ష జన్యు వనరుల బ్యూరో దేశీయ నమూనాలకు ఐ.సి., విదేశీ నమూనాలకు ఇ.సి. అనే అక్షరాలను వాడుతుంది.

డేటాబేస్ పరిభాషలో ఒక పట్టికలోని ప్రతి రికార్డునూ తిరుగులేకుండా గుర్తించే అంశాన్ని ప్రైమరీ కీ అంటారు. ఇది రెండు విధాలు. జన్యు నిధి సంఖ్య, సర్వే నంబరు వంటివి బయటి ప్రపంచంలో ముందే ఉన్న సహజ గుర్తింపులు. పట్టికలో రికార్డు చేరినప్పుడు డేటాబేస్ తానే ఇచ్చే 1, 2, 3 వంటి సంఖ్యలు కల్పిత గుర్తింపులు. సహజ గుర్తింపు మనిషికి అర్థమవుతుంది. అయితే అది మారవచ్చు. పొలం పంపకమై ఉపవిభాగాలు ఏర్పడితే సర్వే నంబరు మారుతుంది. కల్పిత సంఖ్యకు అర్థం ఏమీ లేదు. అందువల్లనే దానిని మార్చవలసిన కారణం కూడా రాదు. రెండింటినీ ఉంచుకోవడం మేలు. పట్టికల మధ్య సంబంధాలకు కల్పిత సంఖ్యను వాడి, సహజ గుర్తింపును వేరే గడిలో ఉంచి, అది రెండుసార్లు నమోదు కాకుండా ఏకత్వ నిబంధన పెట్టాలి.

ఇంటర్నెట్ అందని పొలాలలో రెండు ట్యాబ్లెట్లపై వేర్వేరుగా నమోదు చేసేటప్పుడు వరుస సంఖ్యలు పనికిరావు. రెండు చోట్లా 1 నుంచే మొదలవుతాయి కనుక కేంద్రానికి వచ్చాక ఢీకొంటాయి. అటువంటి చోట 128 బిట్ల యూయూఐడీ అనే గుర్తింపును వాడుతారు. దానిని ఏ పరికరమైనా కేంద్రాన్ని అడగకుండా సృష్టించుకోవచ్చు. రెండు పరికరాలలో ఒకటే వచ్చే అవకాశం లెక్కలోకి రానంత స్వల్పం.

ఫ్రేమ్‌వర్క్ చేసే పని

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ పట్టణపు దినపత్రిక కార్యాలయంలో 2003లో రూపుదిద్దుకొని, 2005లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ జాంగో. ఇది పైథాన్ భాషలో పనిచేస్తుంది. పైథాన్ తెలిసిన వ్యవసాయ విద్యార్థి డేటాబేస్ భాష అయిన ఎస్‌క్యూఎల్‌ను విడిగా రాయకుండానే జాంగో ద్వారా రికార్డులను తీయగలడు. జాంగోలో ఒక పట్టికకు ఒక మోడల్, ఒక రికార్డుకు ఒక ఆబ్జెక్టు ఉంటాయి. ప్రోగ్రామర్ పైథాన్‌లో అడిగిన ప్రశ్నను జాంగో ఎస్‌క్యూఎల్‌లోకి మార్చి డేటాబేస్‌కు పంపి, వచ్చిన రికార్డులను ఆబ్జెక్టులుగా తిరిగి ఇస్తుంది. ప్రైమరీ కీని విడిగా నిర్దేశించకపోతే జాంగో తానే ‘ఐడీ’ అనే వరుస సంఖ్యను చేర్చుతుంది. దాని అసలు పేరు ఏదైనా ‘పీకే’ అనే పొట్టి పేరుతో పిలవవచ్చు.

ప్రైమరీ కీకి డేటాబేస్ ఎప్పుడూ ఒక సూచికను నిర్వహిస్తుంది. గ్రంథం చివరనున్న పదసూచిక వలె ఇది క్రమబద్ధంగా ఉంటుంది. పది లక్షల రికార్డులలో ఒకదానిని సూచిక లేకుండా వెతికితే చివరి దాకా చదవవలసి రావచ్చు. క్రమంలో ఉన్న జాబితాను ప్రతిసారీ సగానికి విభజిస్తూ వెతికితే సుమారు 20 పోలికలతో దొరుకుతుంది. డేటాబేస్‌లు వాడే బీ-ట్రీ సూచికలో ఒక్కొక్క మెట్టు నుంచి వందలాది శాఖలు ఉంటాయి కనుక మూడు నాలుగు మెట్లలోనే గమ్యం చేరుతుంది. గుర్తింపు సంఖ్యతో ఎంపిక వేగంగా జరగడానికి కారణం ఇదే.

ఒక రికార్డు కావలసినప్పుడు

ఒకే రికార్డును తీయడానికి జాంగోలో ‘గెట్’ అనే ఆదేశం ఉంది. పీకే విలువ 41 ఉన్న మడిని గెట్ ద్వారా అడిగితే ఆ ఒక్క ఆబ్జెక్టు వస్తుంది. అటువంటి రికార్డు లేకపోతే ‘డజ్‌నాట్‌ఎగ్జిస్ట్’ అనే దోషాన్ని, షరతుకు సరిపడేవి ఒకటికి మించి ఉంటే ‘మల్టిపుల్ ఆబ్జెక్ట్స్ రిటర్న్‌డ్’ అనే దోషాన్ని చూపి ప్రోగ్రాము ఆగిపోతుంది. పీకేతో అడిగినప్పుడు రెండవ దోషం రాదు. పేరుతో అడిగినప్పుడు రావచ్చు.

ఇలా ఆగిపోవడాన్ని చాలామంది విద్యార్థులు ఇబ్బందిగా భావించి, గెట్ స్థానంలో ‘ఫిల్టర్’ రాసి, దాని ఫలితంలో మొదటి రికార్డును తీసుకుంటారు. అప్పుడు ప్రోగ్రాము ఆగదు. కానీ రికార్డు లేకపోతే శూన్య విలువ, రెండు ఉంటే వాటిలో ఏదో ఒకటి చేతికి వస్తుంది. ఒకటే ఉండవలసిన చోట రెండు రికార్డులు ఉండటం సరిచేయవలసిన లోపం. గెట్ దానిని బయటపెడుతుంది. రెండవ పద్ధతి కప్పిపెడుతుంది. వెబ్ పుటలో చూపేటప్పుడు దోషంతో పుట విరిగిపోకుండా, రికార్డు లేదని 404 సంకేతంతో చెప్పే ఏర్పాటు కూడా జాంగోలోనే ఉంది. కనుక ఒకటే ఉండి తీరాలి అనుకున్న చోట గెట్‌ను వాడటం ఉత్తమం.

పలు రికార్డులు కావలసినప్పుడు

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. 20 వరి రకాలను 3 రెప్లికేషన్లలో రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో వేసిన ప్రయోగాన్ని ఊహించుకుందాం. మొత్తం 60 మడులు. వాటికి డేటాబేస్‌లో 1 నుంచి 60 వరకు గుర్తింపు సంఖ్యలు ఉన్నాయి. నికర కోత విస్తీర్ణం మడికి 10 చదరపు మీటర్లు. కొన్ని మడుల దిగుబడిని తిరిగి పరిశీలించాలని ఇద్దరు సిబ్బంది చెరొక జాబితా ఇచ్చారు. రెండింటినీ కలిపితే 41, 17, 58, 17, 73 అనే జాబితా వచ్చింది. 17 ఇద్దరి జాబితాలోనూ ఉంది. 73 అన్నది 37కు బదులుగా అంకెలు తారుమారైన పొరపాటు.

ఈ జాబితాతో రికార్డులను తీయడానికి ఫిల్టర్‌లో పీకేకు ‘ఇన్’ అనే షరతు పెడతారు. పీకే విలువ ఈ జాబితాలో ఉన్న రికార్డులన్నీ ఇవ్వమని దీని అర్థం. ఫలితంగా మూడు రికార్డులు వస్తాయి. అవి సాధారణంగా 17, 41, 58 అనే వరుసలో కనిపిస్తాయి. అడిగినవి ఐదు, వచ్చినవి మూడు, వరుస కూడా మారింది. అయినా ఏ దోషమూ కనిపించదు. ఎందుకంటే డేటాబేస్ దృష్టిలో ఇక్కడ తప్పు ఏమీ జరగలేదు. ‘ఇన్’ అన్నది సభ్యత్వాన్ని పరీక్షించే షరతు. పట్టికలోని ప్రతి రికార్డునూ ఉద్దేశించి ‘నీవు ఈ సమితిలో ఉన్నావా’ అని అడిగినట్లే. సమితిలో ఒక సంఖ్యను రెండుసార్లు రాసినా ఒకసారి రాసినట్లే లెక్క. పట్టికలో లేని 73 తరఫున సమాధానం చెప్పేవారు లేరు. సమితికి వరుస అనేది లేదు.

ఇప్పుడు 17వ మడి దిగుబడి 5.2 కిలోలు, 41వ మడిది 6.8 కిలోలు, 58వ మడిది 4.9 కిలోలు అనుకుందాం. వచ్చిన దిగుబడులను మాత్రమే తీసుకొని 41, 17, 58, 73 అనే అసలు జాబితా పక్కన వరుసగా అతికిస్తే 41కి ఎదురుగా 5.2, 17కి ఎదురుగా 6.8 పడతాయి. హెక్టారుకు లెక్కిస్తే 5,200 కిలోలు, 6,800 కిలోలు. 1,600 కిలోల తేడా ఒక రకం నుంచి మరొక రకానికి మారిపోయింది. 58కి ఎదురుగా ఉన్నది సరైనదే కావడం వల్ల పైపైన తనిఖీ చేసినవారికి అంతా సవ్యంగానే ఉన్నట్లు తోస్తుంది. చివరి గడి ఖాళీగా మిగులుతుంది.

ఆ ఖాళీ గడి సంగతి గణాంకశాస్త్రం తెలిసినవారికి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. దిగుబడి సున్నా కావడం వేరు, దిగుబడి విలువ లభించకపోవడం వేరు. ఖాళీని సున్నాగా తీసుకుంటే ఆ రకం సగటు కుప్పకూలుతుంది. లభించని మడి విలువను అంచనా వేసే పద్ధతిని యేట్స్ 1933లో వివరించాడు. అలా అంచనా వేసిన ప్రతి విలువకూ దోష స్వతంత్రాంకం ఒకటి తగ్గించాలి. పై ప్రయోగంలో అది 19ని 2తో గుణించగా వచ్చే 38. ఒక మడి లేకపోతే 37. అయితే ఈ పద్ధతి నిజంగా నష్టపోయిన మడికి వర్తిస్తుంది. డేటాబేస్‌లో ఉండి కూడా అంకెల తారుమారు వల్ల రాకుండా పోయిన 37వ మడికి వర్తించదు. ఈ రెండింటినీ వేరు చేసి చూపగల సమాచారం ప్రోగ్రాము నుంచే రావాలి.

వరుస విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పరీక్షించి చూసినప్పుడు రికార్డులు దాదాపు ఎప్పుడూ సంఖ్యా క్రమంలోనే వస్తాయి. అది హామీ కాదు, యాదృచ్ఛికం. ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక రికార్డును సవరించినప్పుడు పాత ప్రతి పక్కన పెట్టి కొత్త ప్రతి రాస్తుంది. అది పట్టికలో వేరే చోటికి చేరవచ్చు. ఫలితంగా ఒక మడి దిగుబడిని సరిదిద్దిన మర్నాడు అదే ప్రశ్నకు రికార్డులు వేరే వరుసలో రావచ్చు. కావలసిన వరుసను ‘ఆర్డర్ బై’ ద్వారా స్పష్టంగా కోరాలి. లేదా వరుసపై ఆధారపడటమే మానుకోవాలి.

నివారణ: సంఖ్యతో జతపరచడం

వరుసపై ఆధారపడకుండా ఉండే మార్గం జాంగోలో ‘ఇన్ బల్క్’ అనే ఆదేశం. దీనికి గుర్తింపు సంఖ్యల జాబితా ఇస్తే జాబితాకు బదులు ఒక డిక్షనరీ తిరిగి వస్తుంది. అందులో ప్రతి గుర్తింపు సంఖ్యకూ దాని రికార్డు జతపడి ఉంటుంది. అప్పుడు అసలు జాబితాను ఒక్కొక్క సంఖ్యగా చదువుతూ డిక్షనరీలో ఆ సంఖ్యకు చెందిన రికార్డును తీసుకోవాలి. వరుస అడిగినదే ఉంటుంది. 17 రెండుసార్లు అడిగితే రెండుసార్లూ సరైన రికార్డే దొరుకుతుంది. 73 డిక్షనరీలో లేదు కనుక దానిని లభించని వాటి జాబితాలో చేర్చి వినియోగదారుకు చూపవచ్చు. జన్యు నిధి సంఖ్య వంటి ఇతర అంశంతోనూ ఇన్ బల్క్‌ను వాడవచ్చు; ఆ అంశానికి ఏకత్వ నిబంధన ఉండటం తప్పనిసరి.

దీనితోపాటు ఒక చిన్న లెక్క ఎప్పుడూ సరిపోవాలి. పునరుక్తులు తొలగించిన తరువాత అడిగిన సంఖ్యలు, వచ్చిన రికార్డులు, లభించనివి అనే మూడింటిలో మొదటిది మిగిలిన రెండింటి మొత్తానికి సమానం కావాలి. పై ఉదాహరణలో అడిగినవి 4, వచ్చినవి 3, లభించనిది 1. ఈ లెక్కను నివేదిక పైభాగంలో ముద్రించే అలవాటు చేసుకుంటే చాలా తప్పులు మొదటి చూపులోనే తెలుస్తాయి.

ఈ లెక్కకు కూడా చిక్కని తప్పు ఒకటి ఉంది. 14 రాయవలసిన చోట 41 రాస్తే ఆ మడి కూడా ఉన్నదే కనుక అన్నీ సరిపోతాయి. దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది, సంఖ్యతోపాటు రకం, రెప్లికేషన్ వంటి మరొక వివరాన్ని కూడా తీసుకొని రెండూ పొసగుతున్నాయా అని చూడటం. రెండవది, సంఖ్య చివర తనిఖీ అంకె చేర్చడం. 12 అంకెల ఆధార్ సంఖ్యలో చివరి అంకె వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కించిన తనిఖీ అంకె. ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ పద్ధతి పట్టుకుంటుంది. మడి చీటీలపై క్యూఆర్ కోడ్ ముద్రించి స్కాన్ చేస్తే చేతితో రాసే పొరపాట్లే చాలావరకు తప్పుతాయి.

ప్రతి సంఖ్యకూ విడివిడిగా గెట్ పిలవడం కూడా సరైన ఫలితమే ఇస్తుంది. కానీ 60 మడులకు 60 సార్లు డేటాబేస్ దాకా వెళ్లి రావాలి. ఒక్కొక్క రాకపోకకు 20 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే 60 మడులకు 1.2 సెకన్లు, 6,000 నమూనాలకు 2 నిమిషాలు. ఒకే ప్రశ్నతో అన్నింటినీ తెచ్చి తరువాత జతపరచడం మేలు.

జాబితా మరీ పెద్దదైనప్పుడు, మరీ చిన్నదైనప్పుడు

ఒకే ప్రశ్నలో పంపగల విలువలకు డేటాబేస్‌లు పరిమితి పెడతాయి. ఎస్‌క్యూలైట్‌లో 2020కి ముందు సాధారణ పరిమితి 999. 3.32 రూపాంతరం నుంచి 32,766. ఒరాకిల్‌లో ఒక ‘ఇన్’ జాబితాలో 1,000 విలువలకు మించి ఇవ్వడం చిరకాలంగా కుదరలేదు. పరిమితి ఉన్న చోట ఇన్ బల్క్ జాబితాను తానే భాగాలుగా విడగొడుతుంది. ఫిల్టర్‌తో పనిచేసేటప్పుడు ప్రోగ్రామర్ ఈ విషయం గమనించాలి. సంఖ్యల జాబితా మరొక పట్టిక నుంచే వస్తున్నప్పుడు వాటిని బయటకు తీసి తిరిగి లోపలికి పంపడం కన్నా, ఆ ఎంపికనే ఉపప్రశ్నగా ఇచ్చి పనంతా డేటాబేస్ లోపలే జరిగేలా చేయడం ఉచితం.

ఖాళీ జాబితా పెద్ద జాబితా కన్నా ప్రమాదకరం. ఫిల్టర్‌కు ఖాళీ జాబితా ఇస్తే ఏ రికార్డూ రాదు. ఇది సరైన ప్రవర్తన. ఇన్ బల్క్‌కు ఖాళీ జాబితా ఇచ్చినా ఖాళీ డిక్షనరీయే వస్తుంది. కానీ జాబితా అన్నదే ఇవ్వకుండా పిలిస్తే పట్టికలోని రికార్డులన్నీ వస్తాయి. అలాగే జాబితాలో ఏమైనా ఉంటేనే వడపోయాలని రాసిన ప్రోగ్రాములో, వినియోగదారు ఒక్క గడినీ ఎంచుకోకుండా బొత్తాన్ని నొక్కితే వడపోత జరగక మొత్తం పట్టిక ఎంపికవుతుంది. చూడటం వరకైతే నష్టం లేదు. తొలగించడమో సవరించడమో అయితే ఒక పంటకాలపు శ్రమ పోతుంది.

అందుచేత తొలగింపు, సవరణ చేసే చోట మూడు రక్షణలు ఉండాలి. జాబితా ఖాళీగా ఉంటే ముందే నిరాకరించాలి. ఎన్ని రికార్డులు మారాయో జాంగో తిరిగి చెప్పే సంఖ్యను అడిగిన సంఖ్యతో పోల్చి, తేడా ఉంటే ట్రాన్సాక్షన్‌ను రద్దు చేసి పాత స్థితికి తేవాలి. అనుబంధ పట్టికల విషయంలో ‘కాస్కేడ్’ ఏర్పాటును జాగ్రత్తగా వాడాలి. రకాల పట్టికలో ఒక రకాన్ని తొలగిస్తే ఆ రకం మడులన్నింటి రికార్డులూ దానితోపాటు పోయేలా చేసేది ఇదే. దాని బదులు ‘ప్రొటెక్ట్’ అని నిర్దేశిస్తే మడులు ఉన్నంతవరకు రకాన్ని తొలగించనివ్వదు. పరిశోధన సమాచారంలో అసలు తొలగింపు కన్నా ‘వాడుకలో లేదు’ అనే గుర్తు పెట్టడం శ్రేయస్కరం. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మరో నమూనాకు తిరిగి ఇవ్వకూడదు.

ఇతర ఫ్రేమ్‌వర్క్‌ల తీరు

ఒక ఫ్రేమ్‌వర్క్‌లోని అలవాటును మరొక దానికి అన్వయించడం మంచిది కాదు. రూబీ భాషలోని రైల్స్‌లో ‘ఫైండ్’కు సంఖ్యల జాబితా ఇస్తే వాటిలో ఒక్కటి లేకపోయినా దోషం చూపుతుంది. 5.0 రూపాంతరం నుంచి అడిగిన వరుసలోనే రికార్డులను ఇస్తుంది. అక్కడే ‘వేర్’ అనే ఆదేశం ఈ రెండూ చేయదు. పీహెచ్‌పీ భాషలోని లారావెల్‌లో ‘ఫైండ్’ అదే పేరుతో ఉన్నా లభించినవి మాత్రమే నిశ్శబ్దంగా ఇస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా ఆగిపోవాలంటే ‘ఫైండ్ ఆర్ ఫెయిల్’ వాడాలి. సంస్థ ఏ ఫ్రేమ్‌వర్క్‌ను ఎంచుకున్నా లేనివి, పునరుక్తులు, వరుస, ఖాళీ జాబితా అనే నాలుగు అంశాలను చిన్న పరీక్షలతో ముందుగా రూఢి చేసుకోవాలి.

సంఖ్య రూపంలో తేడాలు

గుర్తింపు సంఖ్యలు చాలావరకు ఎక్సెల్ పట్టికల ద్వారా వస్తాయి. అక్కడే వాటి రూపం మారుతుంది. 00417 అని ఉన్నది ముందున్న సున్నాలు పోగొట్టుకొని 417 అవుతుంది. 5/2 అనే సర్వే నంబరు తేదీగా మారుతుంది. 15 అంకెలకు మించిన సంఖ్యలో చివరి అంకెలు సున్నాలవుతాయి. దశాంశాలతో కూడికలు, తీసివేతలు చేయనవసరం లేని ఏ గుర్తింపునైనా అక్షర రూపంలోనే ఉంచడం దీనికి విరుగుడు. తెలుగు అంకెలలో నమోదైన సమాచారంలో మరొక సూక్ష్మం ఉంది. ౪౧ అనే రాతను సంఖ్యగా మార్చమంటే పైథాన్ దానిని 41గానే గ్రహిస్తుంది. అక్షర రూపంలో పోల్చితే మాత్రం రెండూ వేర్వేరు. కనుక జాబితా డేటాబేస్‌కు చేరే ముందు ఖాళీలు, అడ్డగీతలు, అంకెల లిపి అన్నింటినీ ఒకే రూపానికి తేవాలి. అలా తేలేని విలువలను వదిలివేయకుండా వేరుగా చూపాలి.

ఎవరి రికార్డును ఎవరు చూడవచ్చు

మట్టి పరీక్ష ఫలితాన్ని చూపే పుట చిరునామా చివర 41 అని ఉంటే దానిని 42గా మార్చడానికి నైపుణ్యం అవసరం లేదు. ప్రోగ్రాము సంఖ్యను మాత్రమే చూసి రికార్డు ఇస్తే పొరుగు రైతు వివరాలు బయటపడతాయి. వెబ్ భద్రతా లోపాలను వర్గీకరించే ఓవాస్ప్ సంస్థ 2021 జాబితాలో ప్రవేశ నియంత్రణ లోపాలకు మొదటి స్థానం ఇచ్చింది. మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో ప్రత్యేక చట్టం వచ్చింది. ప్రవేశించిన వినియోగదారుకు చెందిన రికార్డులను మొదట వడపోసి, ఆ పరిధిలో మాత్రమే గుర్తింపు సంఖ్యతో వెతకడం సరైన పద్ధతి. అప్పుడు 42 అతనిది కాకపోతే ఆ రికార్డు లేనట్లే సమాధానం వస్తుంది. ఊహించడానికి వీలుకాని యూయూఐడీ ఉన్నంత మాత్రాన ఈ వడపోత అక్కరలేదని భావించరాదు. చిరునామా ఒకరి నుంచి మరొకరికి చేరితే ఆ రక్షణ ముగుస్తుంది. పలు సంఖ్యల జాబితా వచ్చినప్పుడూ ఇదే నియమం వర్తిస్తుంది.

ముగింపు

గుర్తింపు సంఖ్యతో ఎంపిక అన్నది డేటాబేస్‌కు, ప్రయోగ క్షేత్రానికి మధ్యనున్న లంకె. ఆ లంకె తప్పితే సంఖ్యలు సరిగానే ఉండి ఫలితం తారుమారవుతుంది. విద్యార్థులు తమ పరిశోధన సమాచారాన్ని విశ్లేషణకు పంపే ముందు కింది వరుసను పాటించడం అవసరం: సంఖ్యల రూపాన్ని ఒకటిగా చేయడం, ఖాళీ జాబితాను నిరాకరించడం, వినియోగదారు పరిధిలోనే వెతకడం, వచ్చిన రికార్డులను వరుసను బట్టి కాక సంఖ్యను బట్టి జతపరచడం, అడిగినవి, వచ్చినవి, లభించనివి అనే లెక్కను సరిచూడటం, లభించని వాటిని సున్నాగా కాక లభించనివిగానే నమోదు చేయడం. ఇందులో ఏ ఒక్క దానికీ నాలుగైదు పంక్తులకు మించిన ప్రోగ్రాము అవసరం లేదు. మడిలో పాతిన చీటీకి, విశ్లేషణ పట్టికలోని అంకెకు మధ్య సంబంధం నాటు నుంచి నివేదిక దాకా చెడకుండా నిలిచినప్పుడే సిఫారసు చేసిన రకం నిజంగా ఆ దిగుబడి ఇచ్చిన రకమని రైతుకు చెప్పగలుగుతారు.